పిల్లలతోట: ఒక జర్మన్ సమాసానికి విగ్రహవాక్యం

ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం



ఒక తెలుగు మాధ్యమ పాఠశాల డెబ్బై అయిదేళ్ళ పండుగ నాడు ఒక జర్మన్ పదాన్ని గురించి ప్రసంగించడానికి ఏమి సందర్భమని కొందరికి సందేహం కలుగవచ్చు. ఆ పదం ఈ సభలోని ప్రతి ఇంటికీ పరిచితమైనదే. బెంగళూరు నగరంలో ఏ పేటలో నడిచినా రంగురంగుల బోర్డుల మీద అది దర్శనమిస్తుంది. ఆ పదం 'కిండర్‌గార్టెన్'. దానిని ఇంగ్లీషు మాట అనుకొనేవారే ఎక్కువ. నిజానికి అది పుట్టిన రూపంతోనే ఇంగ్లీషులో ప్రవేశించి, ఇంగ్లీషుతో పాటు ఈ దేశానికి వచ్చిన జర్మన్ సమాసం. దాని పుట్టుపూర్వోత్తరాలను, వంశవృక్షాన్ని పరిశీలించి, చివరకు దానికి సరియైన విగ్రహవాక్యం చెప్పడమే ఈ ప్రసంగ లక్ష్యం.

సాధారణంగా పదాలకు పుట్టిన తేదీ ఉండదు. ఈ పదానికి ఉంది, తండ్రి పేరూ తెలుసు. ఆ తండ్రి ఫ్రీడ్రిఖ్ ఫ్రోబెల్. ఆయన 1782 ఏప్రిల్ 21న జర్మనీలోని తురింగియా ప్రాంతంలో ఓబర్‌వైస్‌బాఖ్ గ్రామంలో ఒక క్రైస్తవ మతాచార్యుని ఇంట జన్మించారు. ఏడాది నిండకుండానే తల్లిని కోల్పోయారు. పదిహేనేళ్ళ ప్రాయంలో ఒక అటవీ అధికారి వద్ద శిష్యరికం చేసి చెట్టు చేమలతో చెలిమి పెంచుకొన్నారు. 1808 నుంచి 1810 వరకు స్విట్జర్లాండులోని ఇవెర్డాన్‌లో ప్రసిద్ధ విద్యావేత్త పెస్టలోజీ సన్నిధిలో గడిపారు. తరువాత బెర్లిన్‌లో ఖనిజాల ప్రదర్శనశాలలో పనిచేస్తూ స్ఫటికాల నిర్మాణాన్ని శ్రద్ధగా పరిశీలించారు. ఒక క్రమాన్ని అనుసరించి లోపలి నుంచి వెలికి పెరగడం స్ఫటికానికీ, మొక్కకూ, శిశువుకూ సమానమేనన్న భావన ఆయనలో బలపడింది. చెక్క గోళం, ఘనం, స్థూపం మొదలైన ఆట వస్తువులను ఆయన పిల్లల కోసం రూపొందించడానికి మూలం ఇదే.

1837లో ఫ్రోబెల్ బ్లాంకెన్‌బుర్గ్ అనే చిన్న పట్టణంలో, బడికి పోయే వయసు రాని పిల్లల కోసం ఒక సంస్థను నెలకొల్పారు. సంస్థ నడుస్తున్నది గాని పేరు కుదరలేదు. అప్పటికి వాడుకలో ఉన్న పేరు 'క్లైన్‌కిండర్‌బెషెఫ్టిగుంగ్స్‌అన్‌స్టాల్ట్'. చిన్న పిల్లలకు వ్యాపకం కల్పించే సంస్థ అని దాని అర్థం. దండకం వంటి ఈ సమాసాన్ని పలకడానికి పెద్దలకే ఊపిరి చాలదు. దానికంటె పొట్టి పేరు కోసం ఫ్రోబెల్ చాలకాలం తపించారు. 1840 వసంతంలో మిడెన్‌డార్ఫ్, బారోప్ అనే సహచరులతో కలిసి కైల్‌హావ్ నుంచి బ్లాంకెన్‌బుర్గ్‌కు కొండదారిన నడుస్తుండగా, ఒక మలుపులో కింద పచ్చని లోయ కనిపించగానే ఆయన హఠాత్తుగా నిలిచిపోయి, పేరు దొరికిందని ఆనందంతో కేక వేశారని బారోప్ తన జ్ఞాపకాలలో వ్రాశారు. ఆ పేరే కిండర్‌గార్టెన్. 1840 జూన్ 28న బ్లాంకెన్‌బుర్గ్ పురభవనంలో ఆ పేరుతో సంస్థ లాంఛనంగా ప్రారంభమయింది.

ఇక పదాన్ని విడదీసి చూడవచ్చును. 'కిండ్' అంటే శిశువు. 'కిండర్' దానికి బహువచనం. 'గార్టెన్' అంటే తోట. జర్మన్ భాషలో కిండ్ నపుంసకలింగ శబ్దం, గార్టెన్ పుంలింగ శబ్దం. రెండూ కలిసిన తరువాత మొత్తం పదం పుంలింగమే అవుతుంది. అనగా లింగ నిర్ణయం ఉత్తరపదానిదే, అర్థ ప్రాధాన్యమూ ఉత్తరపదానిదే. ఈ లక్షణం పదవ తరగతి తెలుగు విద్యార్థికి సుపరిచితం. ఉత్తరపదార్థ ప్రధానమైనది తత్పురుషం. పాశ్చాత్య భాషాశాస్త్రం కూడ జర్మన్, ఇంగ్లీషు సమాసాలను వర్గీకరించేటప్పుడు తత్పురుష, బహువ్రీహి, ద్వంద్వ అనే భారతీయ నామాలనే స్వీకరించింది. చిన్నయసూరి బాలవ్యాకరణంలోని సమాస పరిచ్ఛేదాన్ని కష్టపడి చదివిన పిల్లవానికి జర్మన్ సమాసపు తలుపు సగం తెరిచి ఉన్నట్లే. తెలుగులో నేర్చిన వ్యాకరణం తెలుగుకు మాత్రమే పనికివస్తుందనుకోవడం పొరపాటు.

కిండ్ అనే మాట వంశాన్ని వెనుకకు వెదకుతూ పోతే, పుట్టుట, పుట్టించుట అనే అర్థాలు గల ఒక ప్రాచీన ధాతువు వద్దకు చేరుకొంటాము. భాషావేత్తలు దానిని ఇండో-యూరోపియన్ మూలభాషకు చెందినదిగా పునర్నిర్మించారు. సంస్కృతంలో ఆ ధాతువే 'జన్'. జననం, జనకుడు, జనని, జన్మ, జాతి, ప్రజ అన్నీ ఆ ఇంటి బిడ్డలే. లాటిన్‌లో 'గెనుస్', గ్రీకులో 'గెనోస్' ఆ కుటుంబానివే. కిండ్ అంటే నిర్మాణ రీత్యా 'పుట్టినది'. సంస్కృతంలోని 'జాత' శబ్దంతో దానికి అతి సమీప బంధుత్వం ఉంది. అంతే కాదు, కిండర్‌లో బహువచనాన్ని సూచించే 'ఎర్' అనే చివరి భాగం కూడ ప్రాచీనమైనదే. మనస్, తపస్ వంటి సంస్కృత పదాల చివర ఉన్న 'అస్'కూ అదే మూలం. జర్మన్‌లో ఆ సకారం కాలక్రమాన రేఫగా మారింది.

గార్టెన్ కథ మరింత రమణీయం. దాని మూలార్థం పూలు కాదు, చెట్లు కాదు, ఆవరణ. చుట్టూ కంచె కట్టి రక్షించిన స్థలం. ఇంగ్లీషులో పెరడు అనే అర్థం గల 'యార్డ్', తోట అనే అర్థం గల 'గార్డెన్' ఈ వంశానివే. లాటిన్‌లో తోటను తెలిపే 'హోర్టుస్' దగ్గరి చుట్టం. ఉద్యానశాస్త్రానికి ఇంగ్లీషులో ఉన్న 'హార్టికల్చర్' అనే పేరు దాని నుంచే వచ్చింది. రష్యన్ నగరాల పేర్ల చివర వినిపించే 'గ్రాద్' కూడ ఈ కుటుంబానిదే. అక్కడ ఆవరణ కోటగోడగా పెరిగి నగరమయింది. ప్రాచీన గోథిక్ భాషలో 'గార్డ్స్' అంటే ఇల్లు. సంస్కృతంలో 'గృహ' శబ్దాన్ని భాషావేత్తలు ఈ కుటుంబంలోనే చేరుస్తారు. ఒకే ఆవరణ ఒకచోట తోట, ఒకచోట నగరం, ఒకచోట ఇల్లు అయింది. కనుక గృహప్రవేశ శుభలేఖలో అచ్చయిన గృహం, బడి బోర్డు మీది గార్టెన్ దూరపు దాయాదులు. వంశం ప్రకారం కిండర్‌గార్టెన్‌కు మారుపేరు పెట్టవలసి వస్తే 'జాతగృహం' అనవచ్చును!

ఈ బంధుత్వాన్ని లోకానికి ప్రకటించిన ఘట్టాలు ఈ దేశంలోనే జరిగాయి. 1786 ఫిబ్రవరి 2న కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ సభలో విలియం జోన్స్ సంస్కృతం, గ్రీకు, లాటిన్ భాషలకు ఏకమూలం ఉండి తీరాలని ప్రతిపాదించారు. 1823లో క్లాప్‌రోత్ అనే జర్మన్ పండితుడు ఈ కుటుంబానికి 'ఇండోగెర్మానిష్' అనే పేరును ప్రయోగించారు. అదీ సమాసమే. అంతకు ముందే, 1816లో, మద్రాసులో క్యాంబెల్ తెలుగు వ్యాకరణం అచ్చయినప్పుడు దానికి ఉపోద్ఘాతంగా ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఒక వ్యాసం చేర్చారు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టినది కాదనీ, తమిళ కన్నడాలతో కూడిన వేరొక కుటుంబానికి చెందినదనీ అందులో నిరూపించారు. అందుచేత తెలుగువానికి ఈ జర్మన్ పదంతో చుట్టరికం తత్సమాల ద్వారా వచ్చినది. జాతి, జన్మ, గృహం అనేవి ఆ దారిన వచ్చిన బంధువులు. 'పిల్ల', 'తోట' అనేవి ఇంటి మాటలు. పిల్లకు తమిళంలో 'పిళ్ళై' తోబుట్టువు. తోటకు తమిళ మలయాళాలలో 'తోట్టం' తోబుట్టువు. కన్నడంలో అయితే 'తోట' తోటయే, అక్షరం కూడ మారదు. బెంగళూరులో పక్కపక్క ఇళ్ళలోని తెలుగు పిల్ల, కన్నడ పిల్ల ఈ ఒక్క మాటను అనువాదం లేకుండా పంచుకొంటారు. 1894లో మంగళూరులో వెలువడిన కన్నడ నిఘంటువులో ఇటువంటి ద్రావిడ బంధుత్వాలను ఓర్పుతో గుర్తించిన ఫెర్డినాండ్ కిట్టెల్ జర్మన్ కావడం ఇక్కడ స్మరింపదగిన విషయం.

పదం పుట్టింది గాని దాని బాల్యం సుఖంగా గడవలేదు. 1851 ఆగస్టులో ప్రష్యా ప్రభుత్వం కిండర్‌గార్టెన్లను నిషేధించింది. అవి నాస్తికత్వాన్ని బోధిస్తున్నాయని ఆరోపణ. ఫ్రోబెల్ అన్న కుమారుడు కార్ల్ వ్రాసిన రచనను ఆయనకు అంటగట్టడం అందుకు కారణమని చెబుతారు. ఆ దుఃఖంలోనే 1852 జూన్ 21న ఫ్రోబెల్ కన్నుమూశారు. నిషేధం తొలగినది 1860లో. ఈలోగా తోట గింజలు గాలికి ఎగిరి దూరదేశాలలో మొలకెత్తాయి. 1851లో లండన్‌లో ఒక జర్మన్ దంపతులు, 1856లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో వాటర్‌టౌన్ అనే ఊరిలో మార్గరెథె షుర్ట్స్ అనే విదుషీమణి కిండర్‌గార్టెన్లను ప్రారంభించారు. వాటర్‌టౌన్ బడి అమెరికాలో మొదటిది. అందులో వినిపించిన భాష జర్మన్. ఇంగ్లీషు మాట్లాడే పిల్లల కోసం ఎలిజబెత్ పీబాడీ బోస్టన్‌లో కిండర్‌గార్టెన్ తెరిచినది 1860లో.

ఒక భాష ఇంకొక భాష నుంచి పదం తెచ్చుకొనే మార్గాలు రెండు. పదాన్ని పదంగా ఎరువు తెచ్చుకోవడం ఒకటి, అర్థాన్ని గ్రహించి సొంత మాటలతో సమాసం కట్టుకోవడం రెండవది. ఇంగ్లీషు మొదటి దారి పట్టింది. ఫ్రెంచి, రష్యన్, నార్వీజియన్ భాషలు రెండవ దారి పట్టి తమ తమ మాటలతో 'పిల్లల తోట' అనే సమాసాలు నిర్మించుకొన్నాయి. 1876లో టోక్యోలో ప్రారంభమైన బడికి జపాన్ వారు పెట్టిన 'యోచియెన్' అనే పేరుకూ శిశువుల తోట అనే అర్థం. భారతదేశంలో 1920లో భావ్‌నగర్‌లో గిజూభాయి బధేకా బాలమందిరం స్థాపించారు. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోదక్ 1945లో బోర్డీ గ్రామంలో గ్రామీణ శిశువుల విద్యకు శ్రీకారం చుట్టారు. ఆమె కృషి వలన 'బాలవాడి', 'అంగన్‌వాడి' అనే మాటలు వ్యాప్తిలోకి వచ్చాయి. గుజరాతీలో వాడి అంటే తోట. అశోకవాటికలోని వాటికకూ దానికీ మూలం ఒక్కటే. ఆవరణ తోటగా మారిన ముచ్చట ఇక్కడా పునరావృతమయింది. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం 33 ప్రాజెక్టులతో ప్రారంభమైన నాటి నుంచి అంగన్‌వాడి అనే పేరు పల్లెపల్లెకూ చేరింది. కర్ణాటకలో 'శిశువిహార' అనే అందమైన పేరు చిరకాలంగా వాడుకలో ఉంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. 'పిల్లలతోట' అనే సమాసానికి విగ్రహవాక్యం ఏది? ఇది వ్యాకరణ పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న మాత్రమే కాదు. ఇచ్చే సమాధానాన్ని బట్టి బడి స్వరూపమే మారిపోతుంది. 'పిల్లల యొక్క తోట' అంటే షష్ఠీ తత్పురుషం. ఫ్రోబెల్ ఈ అర్థాన్ని అక్షరాలా ఆచరించారు. ఆయన కిండర్‌గార్టెన్‌లో నిజమైన తోట ఉండేది. ప్రతి పిల్లకూ ఒక సొంత మడి, అందరికీ కలిపి ఉమ్మడి మడులు. సొంత మడిలో పిల్లలు తమకు తోచినట్లు నాటుకోవచ్చు, ఉమ్మడి మడిని అందరూ కలిసి పోషించాలి. స్వాతంత్ర్యమూ బాధ్యతా పాఠంగా చెప్పకుండానే మట్టిలో నేర్చుకొనే ఏర్పాటు అది. 'పిల్లల కొఱకు తోట' అంటే చతుర్థీ తత్పురుషం. అక్కడ పిల్లలు అనుభవించేవారు, పెద్దలు సమకూర్చేవారు. మూడవది వ్యాకరణ పరిధిని కొంచెం దాటుతుంది. 'పిల్లలే మొక్కలుగా గల తోట'. ఫ్రోబెల్ హృదయం ఇందులోనే ఉంది. అందుకే అక్కడ బోధించడానికి ఆయన తర్ఫీదు ఇచ్చిన స్త్రీలకు పంతులమ్మలు అని కాక, పిల్లల తోటమాలులు అనే అర్థం వచ్చే పేరు స్థిరపడింది. తోటమాలి మొక్కకు నీరు పోస్తాడు, కలుపు తీస్తాడు, కంచె కడతాడు. మొక్కను పట్టి పైకి లాగడు. లాగితే పెరగదు, వేరు తెగుతుంది.

తోటను గురించి బెంగళూరు వారికి వేరే చెప్పవలసిన పని లేదు. లాల్‌బాగ్ ఉద్యానానికి 1908 నుంచి 1932 వరకు పెద్దగా వ్యవహరించిన గుస్తావ్ హెర్మన్ క్రుంబీగెల్ జర్మనీలోని డ్రెస్‌డెన్ సమీపాన జన్మించినవారు. ఈ నగర వీథులలో చెట్లు నాటించేటప్పుడు ఒకే ఋతువులో అన్నీ పూచి తక్కిన కాలమంతా బోసిపోకుండా, ఒకదాని తరువాత ఒకటి ఏడాది పొడుగునా పూచేటట్లు వృక్షజాతులను ఎంపిక చేసిన ఘనత ఆయనదని ప్రతీతి. ఒక చెట్టు జనవరిలో పూస్తుంది, ఒకటి ఏప్రిల్‌లో, ఒకటి వానలు వెలిశాక. ఏప్రిల్‌లో పూచే చెట్టును జనవరిలో మందబుద్ధి అని ఏ తోటమాలీ నిందించడు. ఈ ఓర్పును చెట్ల పట్ల చూపిన నగరం పిల్లల పట్ల కూడ చూపగలిగితే ఫ్రోబెల్ సమాసానికి నిజమైన అర్థం సిద్ధిస్తుంది.

కాని ఆచరణలో ఆ సమాసానికి ఏ గతి పట్టింది? కిండర్‌గార్టెన్ కాస్తా 'కె.జి.' అయింది. పూర్వపదం నుంచి పిల్లలు పోయి ఒక అక్షరం మిగిలింది, ఉత్తరపదం నుంచి తోట పోయి ఇంకొక అక్షరం మిగిలింది. దానికి ముందు కింది, పై అనే మెట్లు చేరి ఎల్.కె.జి., యు.కె.జి. అయ్యాయి. ప్రవేశానికి మూడేళ్ళ పసివానిని, వాని వెంట తల్లిదండ్రులను ప్రశ్నించే ఆచారం వచ్చింది. తెలుగు వాడుకలో కేజీ అంటే కిలోగ్రాము కూడ. వీపు మీది పుస్తకాల సంచిని చూస్తే కె.జి. చదువుకు ఆ అర్థమే నప్పుతుందేమో అనిపిస్తుంది. చిరకాలం మైసూరులో నివసించిన రచయిత ఆర్.కె. నారాయణ్ రాజ్యసభ సభ్యులుగా 1989లో చేసిన ప్రసంగంలో ఈ సంచి బరువును గురించే ఆవేదన వ్యక్తం చేశారు. ఆ తరువాత ఏర్పడిన యశ్‌పాల్ సంఘం 1993లో భారం లేని చదువును గురించి నివేదిక సమర్పించింది. మోయలేని సంచి కంటె అర్థం కాని చదువే పెద్ద భారమని ఆ సంఘం గుర్తించింది.

అర్థం కాని చదువు అన్నచోటనే భాషా ప్రసక్తి వస్తుంది. తోటకు కంచె, నీరు, ఎండ ఎంత అవసరమో నేల అంతకంటె అవసరం. ఫ్రోబెల్ 1844లో తల్లులు శిశువులతో పాడుకొనే పాటలను, వేళ్ళతో ఆడే ఆటలను సంపుటిగా ప్రకటించారు. తల్లి ఒడిలో మొదలైన మాటయే బడిలో కొనసాగాలన్నది ఆయన పద్ధతి. వాటర్‌టౌన్‌లో షుర్ట్స్ విదుషి చుట్టూ ఇంగ్లీషు దేశమే ఉన్నా, చేరిన పిల్లల ఇంటి భాష జర్మన్ కనుక జర్మన్‌లోనే పాడించారు. ఇల్లు ఒక భాషలో, వీధి వేరొక భాషలో ఉన్నచోట బడి ఏ భాషలో ప్రారంభం కావాలన్న ప్రశ్న బెంగళూరు తెలుగువారికి మాత్రమే కొత్తగా వచ్చినది కాదు.

ఈ రాష్ట్రంలో ఆ ప్రశ్న న్యాయస్థానాల వరకు వెళ్ళింది. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే సదుపాయాలు కల్పించాలని 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350-ఎ అధికరణం నిర్దేశిస్తున్నది. ఒకటి నుంచి నాలుగు తరగతుల బోధన మాతృభాషలోగాని కన్నడంలోగాని జరగాలని 1994లో కర్ణాటక ప్రభుత్వం ఉత్తర్వు జారీ చేసింది. దీర్ఘకాల వ్యాజ్యం అనంతరం 2014 మే 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, మాతృభాషా మాధ్యమాన్ని ప్రభుత్వం నిర్బంధించజాలదని తీర్పు చెప్పింది. బిడ్డ మాతృభాష ఏదో నిర్ణయించవలసినది తల్లిదండ్రులేనని కూడ ఆ తీర్పు స్పష్టం చేసింది. ఆ తీర్పు తెలుగు బడి తలుపు మూయలేదు, ఇంగ్లీషు బడి తలుపు మూయనీయలేదు. తాళపుచెవిని తల్లిదండ్రుల చేతిలో పెట్టింది. పిల్లలతోటకు విగ్రహవాక్యం చెప్పే బాధ్యత ఇప్పుడు పండితులది కాదు, ప్రభుత్వానిది కాదు, వారిది.

ఆ బాధ్యత తేలికైనది కాదు. నగరంలో తెలుగు మాధ్యమ తరగతులు పలుచబడుతున్న సంగతి ఈ సభలో అందరికీ తెలుసు. ఇంగ్లీషు రాకుంటే బ్రతుకుతెరువు ఎట్లా అన్న తల్లి భయాన్ని చులకన చేయడం న్యాయం కాదు. ఇంగ్లీషు కావాలి. ఈ నేల భాష, ఇరుగుపొరుగు భాష అయిన కన్నడం తప్పక కావాలి. అవి మొక్క ఎదిగిన కొద్దీ చాచే కొమ్మలు. కొమ్మలను ముందు నాటి, తరువాత వేరు కోసం వెదకడం ఏ తోటలోనూ జరగదు. ఇంటి భాషలో ప్రశ్న వేయడం నేర్చిన బిడ్డ ఏ భాషలోనైనా సమాధానం వెదుక్కొంటుంది. ప్రశ్నయే మూగపోతే ఎన్ని భాషలు వల్లించినా చిలుక పలుకులే.

తెలుగు బడిలో మొదటి మాట ఓనమాలు. 'ఓం నమః' అనే నమస్కారం నలిగి నలిగి అక్షరమాలకు పేరయిన మాట అది. కిండర్‌గార్టెన్ అయినా, ఓనమాలు అయినా, వెనుకకు తిరిగి విప్పి చూసినవారికే అవి తమ అర్థాన్ని ఇస్తాయి. గార్టెన్ అంటే మొదట కంచె కట్టిన చోటు, తరువాత తోట, గృహ రూపంలో ఇల్లు. డెబ్బై అయిదేళ్ళుగా ఈ పాఠశాల పరాయి రాష్ట్రపు రాజధానిలో తెలుగు పిల్లలకు ఆ మూడూ అయినది. వచ్చే జూన్‌లో బిడ్డను ఏ బడి గుమ్మం వద్దకు తీసుకొని పోయినా, తల్లిదండ్రులు ఒక్క క్షణం ఆగి బోర్డు మీది సమాసాన్ని విడదీసి చూడవలసిందిగా విన్నపం. లోపల పిల్లలున్నారా, తోట ఉన్నదా, ఆ తోటలో బిడ్డకు తెలిసిన నేల ఉన్నదా అని. ఆ మూడు ప్రశ్నలకూ అవునన్న సమాధానం లభించే చోటే పిల్లలతోట.

స్వస్తి.